లోపలి కుట్టు, చేతిమీది గీత

ఆపరేషన్ గదిలోకి కొత్తగా అడుగు పెడుతున్న అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ ఊరికి బదిలీ చేశారు, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. ఆ శాలువా రెండో ఉతుకుకే రంగు వెలిసింది. దాని గురించి అంతకంటే చెప్పడానికి లేదు.

కాన్పు ఆపరేషన్ అంటే అందరికీ బిడ్డను తీయడమే గుర్తొస్తుంది. తీయడం ఎంతసేపు! చేతికి కాస్త ధైర్యం ఉంటే చాలు. మూయడంలో ఉంది విద్య. మూసిన గాయం లోపల ఎట్లా మానుతుందో ఎవరికీ కనబడదు. కనబడని చోట మనిషి ఎట్లా పని చేస్తాడన్నదే అతని అసలు కొలత. ఆ కొలతలో నిలవని పెద్దమనుషులను చాలామందిని చూశాను. నేను కూడా ఒకసారి నిలవలేదు. అది కూడా రాస్తాను.

సుద్దముక్క చదువు

మా బాపు దర్జీ. కరీంనగర్ బజారులో ఒక అరుగు మీద ఆయన మిషను. నేను బడి మొహం చూడలేదు. ఉన్న బడి మగపిల్లలది, చదువు ఉర్దూలో. బాపు ఇంట్లోనే నాకు తెలుగు అక్షరాలు నేర్పాడు. పలక కొనలేదు. నల్లటి కోటుగుడ్డ పరిచి దాని మీద దర్జీ సుద్దతో రాయించేవాడు. తప్పు రాస్తే గుడ్డ దులిపేసి మళ్లీ మొదటి నుంచి.

అక్షరాలతో పాటే కుట్టు నేర్పాడు. ఒకసారి గట్టిగా ఉంటుందని దారం బాగా లాగి కుట్టాను. బాపు ఆ గుడ్డను రెండు చేతులతో పట్టి గుంజాడు. కుట్టు తెగలేదు, కుట్టు పక్కన గుడ్డ చినిగింది.

"చూసినవా బిడ్డా? దారం గెలిచింది, బట్ట ఓడింది. నువ్వు కుట్టేది దారం కోసమా, బట్ట కోసమా?"

ఆ ఒక్క మాట మీద నేను ముప్పై ఏళ్లకు దగ్గరగా ఉద్యోగం చేశాను. బాపుకు, ఆయనను నాకు ఇచ్చిన రాజన్న దేవునికి రోజూ దండం పెట్టుకుంటాను. పెళ్లి సంబంధాలు రెండు వచ్చి తప్పిపోయాయి. అందుకూ దండమే. అవి కుదిరి ఉంటే ఈ పని నాకు దొరికేది కాదు.

పోలీసు చర్య అయిన తర్వాత దవాఖానల్లో నర్సులు చాలక, ఇంట్లో చదువుకున్న ఆడపిల్లలను కూడా చిన్న పరీక్ష పెట్టి శిక్షణకు తీసుకున్నారు. మూడేళ్లు నేర్చుకుని ఆదిలాబాద్ జిల్లాలో ఆపరేషన్ గది ఉన్న ఒక దవాఖానకు వచ్చాను. ఊరి పేరు రాయను. అక్కడి పెద్ద డాక్టరు పేరూ రాయను. ఆయన పిల్లలకు మంచి పేరుంది, వాళ్లను అది అట్లా ఉంచుకోనిద్దాం. మేం మాత్రం ఆయనను గడియారం దొర అనేవాళ్లం.

గడియారం దొర

ఆపరేషన్ మొదలయ్యే ముందు దొర తన చేతి గడియారం విప్పి కాంపౌండరు ఖాజా మియాకు ఇచ్చేవాడు. కత్తి ఆనగానే మియా టైం చూడాలి, గర్భసంచి మూయగానే చెప్పాలి.

"మియా, ఎంతయింది?"

"పదమూడు నిమిషాలు సాబ్."

"పోయినసారి పన్నెండే గద!"

"పోయినసారి బిడ్డ సన్నగుండె సాబ్. జల్ది జారింది."

దొర మొహం మాడిపోయేది. బల్ల మీద ఉన్న ఆడమనిషికి ఎంత రక్తం పోయిందని ఒక్కసారి కూడా మియాను అడగగా నేను వినలేదు.

ఆ పన్నెండు నిమిషాలు ఎట్లా వచ్చేవో చెప్తాను. గర్భసంచిని బోర్లించిన సొరకాయ బుర్ర అనుకోండి. లావుగా ఉన్న పైభాగం మందమైన కండ. నొప్పులు పట్టేది అదే, బిడ్డను తోసేది అదే. సన్నగా ఉన్న కింది భాగం పలచన, దానికి పెద్దగా పని లేదు. కింద అడ్డంగా కోసి తీస్తే, కాన్పు తర్వాత ఆ భాగం కదలకుండా ఉంటుంది కాబట్టి గాయం బాగా అతుకుతుంది. కానీ కింద కోయాలంటే ముందు మూత్రసంచిని మెల్లగా కిందికి జరపాలి. దానికి ఓపిక కావాలి, నేర్పు కావాలి. పైన నిలువుగా ఒక్క గీటు గీస్తే బిడ్డ చేతిలోకి వస్తుంది. అయితే పై కండ కాన్పయ్యాక కూడా రోజుల తరబడి బిగుస్తూ వదులుతూ ఉంటుంది. బిగిసినప్పుడు దారం వదులవుతుంది, వదిలినప్పుడు దారం కోస్తుంది. ఇక అతుకు ఎక్కడ? మళ్లీ కడుపు నిండితే, నొప్పులు రాకముందే ఆ చోటు విడిపోవచ్చు.

తప్పని పరిస్థితుల్లో పైన కోయాల్సి వస్తుంది, కాదనను. దొరకు ప్రతిదీ తప్పని పరిస్థితే. కోసిన తర్వాత ఒకే పొరగా, బరబరా, దారం గుంజి గుంజి కుట్టేవాడు. గుంజిన చోట కండ తెల్లబారేది. రక్తం ఆడక తెల్లబారింది. బాపు మిషను పక్కన కూర్చున్న నాకు అదేమిటో తెలుసు. దారం గెలుస్తోంది.

ఇక చర్మం దగ్గరకు వచ్చేసరికి దొర వేరే మనిషి. గడియారం తిరిగి తీసుకునేవాడు. సన్నటి సిల్కు దారం, సన్నటి సూది, కళ్లు చిట్లించి ఇరవై నిమిషాలు కుట్టేవాడు. చర్మం అందరికీ కనబడుతుంది గదా! పెద్ద ఆఫీసర్లు వార్డు చూడటానికి వస్తే దొర దుప్పటి తొలగించి గీత చూపించేవాడు. పేషంట్ల మొగుళ్లు కూడా మురిసిపోయేవాళ్లు.

"ఏం కుట్టిండు దొర! చీర అంచు లెక్క ఉన్నది."

చీర అంచు చూసి చీర కొనే తెలివి మన దగ్గర కొదవ లేదు.

ఎల్లవ్వ అడిగిన మాట

ఖానాపూర్ దగ్గరి పల్లె నుంచి ఎల్లవ్వ అనే ఆమె వచ్చింది. తొలిచూలు. బిడ్డ అడ్డం తిరిగితే దొర ఆపరేషన్ చేశాడు. నిలువు కోత, ఒకే పొర, పన్నెండు నిమిషాలు. దారం అందించింది నేనే. ఆడపిల్ల పుట్టింది. ఎల్లవ్వ నోరు ఆగేది కాదు. పది రోజుల్లో వార్డులో అందరికీ పేర్లు పెట్టింది. నాకు పెట్టిన పేరు 'మూతిముడుపు సిస్టరమ్మ.' నేను నవ్వనని.

ఇంటికి పోయే రోజు పిల్లను ఒళ్లో పెట్టుకుని, చీర కాస్త జరిపి గీత చూసుకుని అడిగింది.

"సిస్టరమ్మా, పైన మస్తు కుట్టిండు. లోపల గూడ గిట్లనే సక్కగ కుట్టిండా?"

ఎవరూ అడగని ప్రశ్న. చదువు రాని మనిషి అడిగింది. నాకు జవాబు తెలుసు. పైన కోశారని తెలుసు, కండ తెల్లబారిందని తెలుసు. కానీ డాక్టరు పని గురించి నర్సు నోరు తెరవకూడదని మాకు నేర్పారు. నేర్పింది బుద్ధిగా పాటించాను.

"అంతా మంచిగున్నది. పో," అన్నాను.

రెండు వానాకాలాలు పోయాయి. ఒకరోజు పొద్దున ఎద్దుబండిలో ఎల్లవ్వను తెచ్చారు. ఎనిమిదో నెల. గడ్డిమోపు తలకెత్తుకుంటుంటే కడుపులో ఏదో పటుక్కుమన్నదట. నొప్పులు లేవు, మొహంలో రక్తం లేదు. కడుపు మీద చెయ్యి పెడితే బిడ్డ పాదం నా వేళ్లకు తగిలింది. గర్భసంచి అడ్డం లేకుండా, చర్మం కిందే ఉంది. దొర పాత గీతకు పక్కగా కడుపు తెరిచాడు. పాత కుట్టు పై నుంచి కింది దాకా విచ్చుకుని ఉంది. బిడ్డ లేదు. మధ్యాహ్నానికి ఎల్లవ్వ కూడా లేదు.

దొర చేతులు కడుక్కుంటూ ఆమె కడుపు మీది పాత గీత వైపు చూపించాడు.

"చూసినవా సిస్టర్, ఎంత మంచిగ మానింది? కనిపిస్తనే లేదు. గీళ్లకు నిదానముండది, మోపులు మోస్తరు. రిజిస్టర్ల రాయి, ఆలస్యంగ తెచ్చిండ్రని."

రాశాను. 'ఆలస్యముగా తెచ్చిరి.' బాపు సుద్దతో దిద్దించిన గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. నా ఉద్యోగంలో రాసిన అబద్ధాల్లో అంత చక్కటి చేతిరాత మరొకటి లేదు.

బయట ఎల్లవ్వ తల్లి నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి మెల్లగా అడిగింది.

"లోపలి కుట్టు గట్టిది కాదని ముందుగాల ఒక్కమాట చెప్తే, మోపు ఎత్తనిద్దునా బిడ్డా?"

స్వెటరు అల్లే డాక్టరమ్మ

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత కృష్ణా వైపు నుంచి సుభద్రమ్మగారనే డాక్టరు మా దవాఖానకు వచ్చారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. ఆపరేషన్ బల్ల అందక కాళ్ల కింద పీట వేయించుకునేవారు. దొర ఆ పీటను చూసి నవ్వాడు. మొదటి ఆపరేషన్‌లోనే ఆమె నా చేతులు గమనించారు.

"ఏమ్మా, సూది పట్టుకోవడం ఎవరు నేర్పారు మీకు?"

"మా బాపు, డాక్టరమ్మా. దర్జీ."

"అయితే నేను చెప్పాల్సింది సగం ఆయనే చెప్పేశారు."

మిగతా సగం ఆమె చెప్పారు. మీకు పనికొచ్చేది అదే, కాబట్టి వివరంగా రాస్తాను. గర్భసంచి కుట్టుకు మేం వాడింది గొర్రె పేగుతో చేసిన దారం, గాజు గొట్టాల్లో వచ్చేది. అది ఒంట్లోనే కరిగిపోతుంది. అది కరిగేలోపు కండ దానంతట అది అతుక్కోవాలి. కాబట్టి దారం పని అంచులను పక్కపక్కన నిలబెట్టడమే, గొంతు నులమడం కాదు. సుభద్రమ్మగారు మొదటి పొర కండను కండకు కలిపేవారు. లోపలి మెత్తటి పొర సూదికి చిక్కకుండా, కోత అంచుల మధ్యకు రాకుండా చూసేవారు. రెండో పొర మొదటిదాన్ని కప్పుతూ వేసేవారు. ఆ పైన పలచటి తెర లాగి మూసేవారు. రక్తం ఊరే చోట ఆగి, గుడ్డతో అద్ది, ఆగిందని చూసుకుని గాని ముందుకు పోయేవారు కాదు. పొరల లెక్క మీద పెద్దలు వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. నేను చూసినంతలో చెడగొట్టేది పొరల లెక్క కాదు. తొందర, బిగువు, చీము, ఈ మూడే. రక్తం అద్దిన గుడ్డ ఒక్కటీ కడుపులో మిగలకుండా లెక్కపెట్టడం చిన్నపని అనుకునే నర్సు ఉంటే ఇంటికి వెళ్లి ఉల్లిగడ్డలు లెక్కపెట్టుకోవచ్చు.

ఒకరోజు దొర తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"ఏం డాక్టరమ్మా, ఆపరేషనా, స్వెటరు అల్లుతున్నరా?"

సుభద్రమ్మగారు తల ఎత్తకుండానే అన్నారు.

"స్వెటరేనండి. ఇందులో ఇంకొకళ్లు తొమ్మిది నెలలు ఉండాలి కదా."

ఖాజా మియా దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

ఆమెను ఆ ఊరికి పంపిన దేవునికి నా కృతజ్ఞత. ఆమెకు రావలసిన కుర్చీలో దొరను కూర్చోబెట్టిన మనుషులకు మాత్రం నా దగ్గర ఏ దండమూ లేదు.

తాయెత్తులో చీటీ

సుభద్రమ్మగారు ప్రతి తల్లికీ చీటీ రాసిచ్చేవారు. కోత ఎక్కడ, ఎన్ని పొరలు, మళ్లీ కడుపైతే ఎప్పుడు రావాలి, అన్నీ తెలుగులో. దొర చీటీలో ఎప్పుడూ ఒకటే ఉండేది, 'ఆపరేషన్ అయినది, తల్లీపిల్లా క్షేమం.' రిజిస్టరులోనూ అంతే.

ఆ మంచి చీటీల గతి ఏమైందో వినండి. ఒకామె రెండో కాన్పుకు వచ్చింది, వెంట అత్త. చీటీ ఏదని సుభద్రమ్మగారు అడిగారు.

"ఉన్నది డాక్టరమ్మా. పిల్లగాని మెడలున్నది."

చూస్తే రాగి తాయెత్తు. చీటీని చుట్టచుట్టి అందులో పెట్టి లక్కతో మూసేశారు.

"విప్పండమ్మా, చదవాలి."

"ఇప్పితె పవరు పోతది! గందుట్ల సర్కారు ముద్రున్నది. గిది కట్టినంక పిల్లగానికి ఒక్క జరం రాలే."

"అందులో మీ కోడలి సంగతి రాసుంది."

"నా కోడలి సంగతి నాకు దెల్వదా? నన్నడుగుండ్రి, పొద్దుందాక చెప్తా."

ఇది విని నవ్వే చదువుకున్నవాళ్లను చూశాను. నాకు నవ్వు రాదు. చదవలేని మనిషి చేతిలో కాగితం పెట్టి మా పని అయిపోయిందని చేతులు దులుపుకున్నది మేం. కాగితాన్ని దేవుడిగా చేసి మెడలో కట్టి దాచుకున్నది వాళ్లు. ఎవరికి ఎక్కువ మర్యాద తెలుసో మీరే చెప్పండి.

ఆ రోజుల్లోనే సుభద్రమ్మగారు సెలవులో ఉండగా సోంబాయి వచ్చింది. జైనూర్ అవతల గుట్టల్లోని గోండు గూడెం ఆమెది. దొర చేశాడు. నిలువు కోత, ఒకే పొర. పిల్ల బతికింది. ఇంటికి పోయే రోజు సోంబాయి ఏమీ అడగలేదు. కానీ నాకు ఎల్లవ్వ గొంతు వినబడుతూనే ఉంది. మంచం పక్కన కూర్చుని, ఈసారి నేనే చెప్పాను. నీకు పైన నిలువుగా కోసిన్రు. ఆ కుట్టు గట్టిది కాదు. మళ్లీ కడుపైతే బరువులెత్తొద్దు. నొప్పులు రాకముందే, ఎనిమిదో నెల నిండంగనే రా. నేనే రాసిన ఈ చీటీ దాచుకో.

సోంబాయి చీటీ అటూ ఇటూ తిప్పి చూసింది.

"నర్సుబాయి, కాయిదం మా తాన ఒక్క వానకు గూడ నిలవది. గిది నిలుస్తది," అని రెండు చేతులూ చాపింది. మోచేతుల దాకా పచ్చబొట్లు. "సచ్చినంక గూడ ఎంట వచ్చేది గిదొక్కటే అంటది మా అవ్వ. నీ మాట గీడ రాయించు."

వాళ్ల గూడేల్లో పచ్చబొట్లు పొడిచేది 'తోటి' అనే తెగ ఆడవాళ్లు. గంగుబాయి అనే ముసలామె ఆ వారం అంగడికి వచ్చి ఉంది. ఆ పూటే సెలవు నుంచి తిరిగి వచ్చిన సుభద్రమ్మగారికి చెప్పాను. ఆమె లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టారు. తర్వాత, "సూదులు ఉడకబెట్టండి," అన్నారు.

గంగుబాయికి అది నచ్చలేదు.

"మా సూదికేం జరమొచ్చిందని ఉడకబెడుతున్నవు? నీ అంత వయసున్నది దానికి!"

"అందుకే స్నానం చేయిస్తున్న, గంగుబాయి."

పైన కోస్తే ఎడమ మణికట్టు పైన నిలువు గీత, కింద కోస్తే అడ్డగీత. అదీ మా లిపి. సోంబాయి చేతిమీద నిలువు గీత పడింది. దాని అర్థం ఆమెతో, ఆమె మొగుడితో పదిసార్లు చెప్పించాను. తర్వాత కావాలన్న వాళ్లకే వేయించాం, ఎవరినీ బలవంతం చేయలేదు. దొరకు తెలిసి, "దవాఖానను జాతర చేసిండ్రు," అన్నాడు.

గీత చదివిన పొద్దు

మూడేళ్ల తర్వాత, వానల్లో, ఒక పొద్దున సోంబాయి మళ్లీ వచ్చింది. ఎనిమిదో నెల నిండగానే బయలుదేరిందట. వాగు పొంగి నాలుగు రోజులు ఒడ్డునే ఆగిపోయారు. వచ్చేసరికి నొప్పులు మొదలయ్యాయి. ఆ పూట డ్యూటీ దొరది. కడుపు మీద తన గీత చూసుకుని మురిసిపోయాడు.

"వహ్వా, బ్రహ్మాండంగ మానింది! నొప్పులు మంచిగొస్తున్నయి. కననియ్యి."

"సాబ్, ఈమెది నిలువు కోత. మీరే కోసిండ్రు."

"ఎవలు జెప్పిండ్రు? కాయిదమేది?"

"చేతిమీదున్నది సాబ్."

దొర సోంబాయి చెయ్యి చూసి పడిపడి నవ్వాడు. "ఇగ చేతులు జూసి జాతకం గూడ చెప్తవా సిస్టర్? రిజిస్టర్ల ఉన్నదా నిలువు కోతని?"

లేదు. ఆయన రాయలేదు గదా, ఎట్లా ఉంటుంది! 'తల్లీపిల్లా క్షేమం,' అంతే.

సోంబాయి నా కొంగు పట్టుకుంది. "నర్సుబాయి, నొప్పి పోయినంక గూడ గీ తావుల పోతలేదు. మండుతున్నది." నొప్పికీ నొప్పికీ మధ్య కూడా తగ్గని మంట, అదీ కోత ఉన్న చోట. నాడి పట్టుకుంటే పరుగు పెడుతోంది. ఎల్లవ్వ బిడ్డ పాదం నా వేళ్లకు మళ్లీ తగిలినట్టయింది.

రిజిస్టరు తెచ్చి దొర ముందు తెరిచాను. కలం మూత తీశాను.

"ఏం చేస్తున్నవు?"

"రాస్తున్న సాబ్. 'నిలువు కోత అని సిస్టరు చెప్పినది. కుట్టు దగ్గర నొప్పి ఉన్నది, నాడి పెరుగుచున్నది. పెద్ద డాక్టరుగారు కననిమ్మన్నారు.' టైం గూడ ఏస్త. మియా, టైమెంత?"

ఖాజా మియా తన దగ్గరే ఉన్న దొర గడియారం చూసి టైం చెప్పాడు. నేను రాశాను.

"కింద మీ సంతకం చేయుండ్రి సాబ్."

దొర మొహం ఎర్రబడింది. "నర్సువు నువ్వు. నాకు రాత నేర్పుతవా?"

"నాకు మా బాపు నేర్పిండు సాబ్. ఒకసారి మీరు చెప్పిన అబద్ధం గూడ అదే రాతల రాసిన. ఇగ రాయ."

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం నాకు తెలియదు. రాజన్నే ఇచ్చి ఉంటాడు, నా దగ్గర నిల్వ లేని సరుకు అది. దొర సంతకం చేయలేదు. కలం విసిరేసి, "పిలుసుకో మీ స్వెటరామెను. చస్తే నీ మెడకు," అని వెళ్లిపోయాడు.

క్వార్టర్స్ నుంచి సుభద్రమ్మగారు తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చారు. సోంబాయి చెయ్యి చూశారు. ఇంకేమీ అడగలేదు. సోంబాయికీ ఆమె మొగుడికీ ప్రమాదం చెప్పి, ఇక పిల్లలు వద్దంటే నాళాలు కట్టేయమంటారా అని అడిగారు. ఇద్దరూ సరే అన్నారు. నడుముకు మత్తుసూది ఇచ్చి కడుపు తెరిచారు.

పాత కుట్టు ఉన్న చోట నాలుగు వేళ్ల వెడల్పున కండే లేదు. ఉల్లిపొర లాంటి తెర ఒక్కటే ఉంది. ఆ తెర వెనక నీళ్లలో బిడ్డ కాలివేళ్లు మెల్లగా కదులుతున్నాయి. మరో నాలుగు నొప్పులు వచ్చి ఉంటే ఆ తెర ఉండేది కాదు.

"మియా, పెద్ద డాక్టరుగారిని ఒక్కసారి వచ్చి చూసి వెళ్లమనండి," అన్నారు సుభద్రమ్మగారు.

దొర వచ్చాడు. మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని వంగి చూశాడు. తన కుట్టును లోపలి వైపు నుంచి ఆయన అంత తీరిగ్గా చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. బిడ్డను తీశారు. మగపిల్లవాడు, రెండు చరుపులకు ఏడ్చాడు. సుభద్రమ్మగారు పాత అంచులు శుభ్రంగా కత్తిరించి, మంచి కండ దొరికే దాకా పోయి, మూడు పొరలుగా కుట్టడం మొదలుపెట్టారు. దొర అలవాటు కొద్దీ తిరిగి చూశాడు.

"మియా, టైమెంతయింది?"

"గడియారానికి కీ ఇయ్యలే సాబ్," అన్నాడు ఖాజా మియా.

గంట కింద నాకు టైం చెప్పిన గడియారమే అది.

దొర ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. మరుసటి ఏడు ఇంకా పెద్ద దవాఖానకు, ఇంకా పెద్ద కుర్చీకి వెళ్లాడు. వీడ్కోలు సభలో ఆయన చేతివేగం గురించి ముగ్గురు మాట్లాడారు. నేను చివరి వరుసలో కూర్చుని చాయ్ తాగాను. చాయ్ బాగుంది.

సోంబాయి ఇంటికి పోయే రోజు గంగుబాయిని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఇప్పుడేం గీత నర్సుబాయి?"

"ఇగ నీకు కాన్పుల్లేవు. కొత్త గీత అక్కరలేదు."

"మరి నీ చేతులు గట్ల బోసిగ ఉన్నయేంది?"

"నన్నెవరూ కోయలే సోంబాయి."

"నిన్ను కోయకున్నా, నువ్వు యాదిల పెట్టుకోవాల్సినోళ్లు ఒక్కలన్న లేరా?"

గంగుబాయి సూదిని ఈసారి తనే తెచ్చి నా ఉడికే నీళ్లలో వేసింది. "చేయించు స్నానం," అంది. నేను ఎడమ చెయ్యి చాపాను.

అమ్మాయిలూ, మీకు చెప్పాల్సింది ఇంతే. ఆపరేషన్ గది తలుపు దాటి మీరు ఇంటికి పోయే ముందు, ఆ తల్లి మంచం దగ్గరకు వెళ్లండి. ఎక్కడ కోశారో, ఎట్లా మూశారో ఆమె మాటలోనే చెప్పండి. ఆమె తిరిగి చెప్పే దాకా కదలకండి. దానికి తీరిక లేదనుకుంటే ఆ తెల్లచీర కట్టుకోకండి, బజార్లో వేరే రంగులు చాలా ఉన్నాయి.

పొద్దున దేవుని ముందు చేతులు జోడిస్తే మణికట్టు మీది నిలువు గీత నా కళ్లకు ఎదురుగా వస్తుంది. బాపుకు, డాక్టరమ్మకు, సోంబాయికి, అబద్ధం ఆడటం నేర్చుకోని ఖాజా మియా ఆడిన ఆ ఒక్క అబద్ధానికి, అన్నిటికీ దండం పెట్టుకుంటాను. ఆఖరున ఎల్లవ్వ అడిగిన మాటకు జవాబు చెప్తాను.

లేదు ఎల్లవ్వా. లోపల సక్కగ కుట్టలే. మోపు ఎత్తకు. నొప్పులు రాకముందే రా.